చట్టనూగాని అందరూ ఇంతలా ఎందుకు పొగుడుతున్నారు? వెళ్లి ఉండొచ్చా?

గుంటూరు_గోంగూర
ఆరేళ్లుగా టెక్సాస్‌లో ప్లేనోలో ఉంటున్నాం. ఇప్పుడు టెనెస్సీలో చట్టనూగా అనే ఊళ్లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ఫుల్‌టైమ్ ఆఫర్ ఇచ్చింది. జీతం ఇక్కడికంటే కాస్త తక్కువే. ఊరి పేరు వినగానే మా ఆవిడ "అదెక్కడ?" అంది. ఆ రోజు నుంచీ ఆ ఊరి గురించి ఏది తెరిచినా పొగడ్తే. ఔట్‌సైడ్ పత్రిక పాఠకులు 2011లో ఒకసారి, 2015లో ఇంకోసారి దేశంలోకెల్లా మంచి ఊరుగా ఎన్నుకున్నారట. 2025లో ఉత్తర అమెరికాలోనే మొదటి నేషనల్ పార్క్ సిటీ (ఊరంతా పార్కులా పచ్చగా ఉండాలనే ఉద్యమం ఇచ్చే గుర్తింపు) అన్నారు. ఇంటర్నెట్ స్పీడు గురించైతే ఇక చెప్పక్కర్లేదు.

మొన్న పాపని తీసుకుని రెండ్రోజులు వెళ్లి చూసొచ్చాం. నది ఒడ్డు, అక్వేరియం, నడక వంతెన అన్నీ బాగున్నాయి. కానీ చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకి ఏ ఊరైనా బాగానే కనిపిస్తుంది. కారు తీసుకుని కాస్త లోపలికి వెళ్తే మూతబడ్డ షెడ్లు, రంగు వెలిసిన ఇళ్లు కూడా కనిపించాయి. అందుకే అడుగుతున్నా. ఈ పేరంతా నిజంగా ఊరు బాగుపడి వచ్చిందా, నది పక్క నాలుగు వీధులకి రంగులేసి తెచ్చుకున్నదా? అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి. అద్దెలు, బడి, కరివేపాకు, అన్నీ.

డల్లాస్_దోశ
వద్దు బ్రదర్. ప్లేనోలో కాలు బయటపెడితే నాలుగు తెలుగు హోటళ్లు. అక్కడ పెసరట్టు తినాలనిపిస్తే రెండు గంటలు కారు నడిపి అట్లాంటా వెళ్లాలి.

పాలమూరు_పిల్ల
పెసరట్టు ఇంట్ల పోసుకోవచ్చన్నా. నేను యూటీసీల ఎమ్మెస్ చేసిన, అంటే యూనివర్సిటీ ఆఫ్ టెనెస్సీ ఎట్ చట్టనూగా. మొత్తం నాలుగేండ్లు ఉన్న ఆ ఊర్ల. ఇడిసిపెట్టి వచ్చేటప్పుడు ఏడ్చిన.

గోదారిగట్టు
పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉంటున్నానండి. మాది రాజమండ్రి. కాస్త పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఈ ఊరు ఇప్పుడెలా ఉందో తెలియాలంటే అప్పుడెలా ఉండేదో తెలియాలి. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి లోయ, ఆ లోయలో ఇనప ఫౌండ్రీలు, బొగ్గు కాల్చి కోక్ చేసే బట్టీలు, రైలు యార్డులు, ఊరి చివర సైన్యానికి టీఎన్‌టీ అనే పేలుడు మందు చేసిపెట్టే కర్మాగారం. పొగ ఎక్కడికీ పోయేది కాదు, గిన్నెలోనే ఉండిపోయేది. గాలిలో ధూళి లెక్క కడితే దేశంలో అన్నిటికంటే అధ్వానమైన ఊరు ఇదేనని 1969లో ఫెడరల్ ప్రభుత్వం తేల్చింది. వాల్టర్ క్రాంకైట్ అంతటివాడు సీబీఎస్ వార్తల్లో ఆ మాట దేశమంతటికీ వినిపించాడు. మిట్టమధ్యాహ్నం కార్లకి హెడ్‌లైట్లు వేసుకునేవారమనీ, ఆఫీసుకెళ్లేటప్పుడు ఇంకో తెల్లచొక్కా పట్టుకెళ్లేవారమనీ ఇక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ చెప్తారు. మా పక్కింటి పెద్దాయన చిన్నప్పుడు, కిటికీ గట్టు మీద మసి తుడవడం వాళ్లమ్మ రోజూ అప్పజెప్పే పనట.

అదే ఏడాది ఊరివాళ్లు గాలి కాలుష్యం మీద స్థానిక చట్టం తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీలకి 1972 దాకా గడువిచ్చారు. 1989కల్లా ఫెడరల్ ప్రమాణాలు అందుకున్నారు.

గాలైతే బాగుపడింది గానీ పని పోయిందండి. ఫౌండ్రీలు ఒకదాని వెనక ఒకటి మూసేశారు. 1980ల్లో ఊరి జనాభాలో పదో వంతు వెళ్లిపోయింది. డౌన్‌టౌన్‌లో సాయంత్రం ఐదు దాటితే మనిషి కనిపించేవాడు కాదట. ఇప్పుడు పొగిడేవాళ్లకి ఆ పదేళ్లు తెలియవు.

కరివేపాకు_కోటేష్
మిట్టమధ్యాహ్నం హెడ్‌లైట్లా!! మా ఢిల్లీ బావ ఇది చదివితే "మాకిప్పటికీ అంతే" అంటాడు.

గుంటూరు_గోంగూర
@గోదారిగట్టు ఇంత వెనక్కి తీసుకెళ్లినందుకు థాంక్సండీ. మరి మళ్లీ లేచిందెలా? ఒక్క అక్వేరియంతో ఊరు లేస్తుందా?

గోదారిగట్టు
ఒక్క దానితో లేవలేదు. 1984లో విజన్ 2000 అని ఊరి మీటింగులు పెట్టారు. ఊళ్లో ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ఏం కావాలో చెప్పొచ్చు. సుమారు 1,700 మంది వచ్చారు. నెలల తరబడి కూర్చుని, 2000 సంవత్సరానికల్లా సాధించాలని 40 లక్ష్యాలు రాసుకున్నారు. నది ఒడ్డు జనానికి తెరవాలన్నది వాటిలో ఒకటి. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకి తలదాచుకునే చోటు కావాలన్నది ఇంకోటి. అక్వేరియం కూడా ఆ జాబితాలోదే. 1992 మే 1న తెరిచారు. మంచినీళ్ల చేపల కోసం అంత పెద్ద అక్వేరియం ఏంటని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. కానీ కట్టినవాళ్ల ఆలోచన వేరు. కొండమీది వాగులో పడ్డ చినుకు టెనెస్సీ నదిలో కలిసి, మిసిసిపీ మీదుగా సముద్రం చేరేదాకా దారి చూపించాలనుకున్నారు. పిల్లలు పై అంతస్తులో మొదలుపెట్టి నీటితో పాటు కిందికి దిగుతారు. మీ పాప గమనించిందేమో అడగండి.

అదే ఏడాది డౌన్‌టౌన్‌లో ఉచిత ఎలక్ట్రిక్ బస్సులు కూడా మొదలుపెట్టారు. ఎలక్ట్రిక్ బస్సు అంటే ఎవరికీ తెలియని రోజులవి.

కడపకారం
గోదారిగట్టు గారూ, మీరు చెప్పేది అబద్ధం కాదు గానీ సగమే చెప్తాండారు. 1,700 మంది కూర్చుంటే మాటలొస్తాయి, డబ్బులు యాడినుంచి వస్తాయి? కోకాకోలా డబ్బులు సామీ అవి. 1899లో ఇద్దరు చట్టనూగా లాయర్లు అట్లాంటాకి పోయి, కోకాకోలాని సీసాల్లో నింపి అమ్మే హక్కు ఒక్క డాలరుకి రాయించుకున్యారు. ఆ డాలరు కూడా కంపెనీ వసూలు చేసుకోలేదంటారు. మూడో భాగస్థుడిగా చేరినాయన లప్టన్. ఆ సీసాల వ్యాపారంలో ఆ కుటుంబం కోటీశ్వరులైంది. ఆ డబ్బుతో వచ్చిందే లిండ్‌హర్స్ట్ ఫౌండేషన్. నలభై అయిదు మిలియన్ డాలర్ల అక్వేరియం వెనకాల జాక్ లప్టన్ లేడా? ఆ మీటింగులు నడిపిన సంస్థకి కరెంటు బిల్లు ఎవరు కట్టినారు?

నేను అలబామాలో ఇంకో చిన్న ఊర్లో పన్నెండేండ్లున్న్యా. అక్కడా ఫ్యాక్టరీలు పోయినాయి, అక్కడా నది ఉంది, మీటింగులు పెట్టుకునే మంచి మనుషులూ ఉన్న్యారు. లేనిదల్లా లప్టన్. ఆ ఊరు ఇంకా అట్లే ఉంది. చట్టనూగాని చూపించి మీరూ చేసుకోండని చిన్న ఊర్లకి చెప్పేవాళ్లని చూస్తే నాకు కడుపు మండుతాది.

డల్లాస్_దోశ
ఒక్క డాలరుకి సీసాల హక్కు! మా తాత ఐదెకరాలు ఇలాగే పోగొట్టాడు.

గోదారిగట్టు
@కడపకారం మీ మాట కాదననండి. లప్టన్ డబ్బు లేకపోతే అక్వేరియం లేదు. కానీ డబ్బున్న ఊళ్లన్నీ బాగుపడ్డాయా? ఆ డబ్బుతో ఇంకో స్టేడియం కట్టుకోలేదు, ఊరవతల గేటు పెట్టుకుని విల్లాలు వేసుకోలేదు. ఇంకో సంగతి. నడక వంతెన లప్టన్ కట్టించింది కాదు. అది 1891 నాటిది, 2,376 అడుగుల పొడవు. తుప్పు పట్టిందని 1978లో మూసేశారు. కూల్చేద్దామని డబ్బు కూడా కేటాయించారు. ఊరివాళ్లు వద్దని పట్టుబట్టి, కూల్చడానికి పెట్టిన డబ్బుని బాగుచెయ్యడానికి మళ్లించారు. చాలనిదానికి చెక్క పలకలు అమ్మారు. పలక కొన్నవాళ్ల పేర్లు వంతెన మీద చెక్కించారు. పెళ్లిరోజని కొన్నవాళ్లు, చచ్చిపోయిన నాన్న పేరున కొన్నవాళ్లు. 1993లో నడిచేవాళ్ల కోసం తెరిచారు. అవతలి ఒడ్డున నార్త్ షోర్ అంటున్నారే, ఆ కాఫీ కొట్లూ పుస్తకాల కొట్లూ అన్నీ వంతెన తెరిచాక వచ్చినవే.

నాకైతే ఆ వంతెన ఎక్కినప్పుడల్లా మా హావ్‌లాక్ వంతెనే గుర్తొస్తుంది. 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆపేశారు. దాదాపు మూడు కిలోమీటర్లు. చిన్నప్పుడు దాని మీద రైల్లో పోతూ గోదారిలో పావలా బిళ్ల వేసినవాణ్ణి. అది అలా ఖాళీగా నిలబడి ఉండటం చూసి ఎన్నేళ్లు బాధపడ్డానో.

పాలమూరు_పిల్ల
డబ్బులు లప్టన్‌వే అన్నరు కదా, మరి ఇంటర్నెట్ సంగతేంది? అది ఏ కోటీశ్వరుడూ ఇయ్యలే. ఈపీబీ అని ఊరి కరెంటు బోర్డు ఉంటది, 1935ల పెట్టిన్రు. మన దగ్గర ట్రాన్స్‌కో, డిస్కమ్‌లు ఉన్నట్టే గానీ ఇది ఊరి సొంతం. కరెంటు పోతే ఎక్కడ పోయిందో దానంతట అదే తెలుసుకునే స్విచ్చులు పెడదామనుకున్నరు. దానికి ఊరంతా ఫైబర్ తీగలు గుంజాలె. ఎట్లాగూ తీగ గుంజుతున్నం, ఇంటింటికి ఇంటర్నెట్ గూడ ఇద్దామన్నరు. బాండ్లు అమ్మిన్రు. 2009 మాంద్యంల ఫెడరల్ స్టిమ్యులస్ నుంచి 111 మిలియన్ డాలర్లు వచ్చినై. 2010ల ఊరంతటికి గిగాబిట్, అంటే 1000 ఎంబీ స్పీడు, ఇచ్చిన్రు. అప్పట్ల అమెరికాల ఏ పెద్ద నగరానికి గూడ ఊరంతటికి గా స్పీడు లేకుండె. కేబుల్ కంపెనీలు కోర్టుకు పోయినా గెల్వలే.

పెద్ద తుఫాన్లకు చెట్లు కూలితే గూడ స్విచ్చులు కరెంటును వేరే దిక్కు మళ్లిస్తై. నేను ఉన్న నాలుగేండ్లల మా అపార్ట్‌మెంట్ల కరెంటు ఎన్నిసార్లు పోయిందో ఒక్క చేతి ఏళ్లమీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొకటి చెప్త. 2020ల బళ్లు బందైనప్పుడు, ఫ్రీ లంచ్ తినే పిల్లలున్న ఇండ్లకు 100 ఎంబీ ఇంటర్నెట్ పైసా తీసుకోకుండ ఇచ్చిన్రు. పదేండ్లు ఇస్తమని మాటిచ్చిన్రు. దాదాపు 28,000 మంది పిల్లలకు అందుతదని లెక్క. వేరే ఊర్లల్ల పిల్లలు వైఫై కోసం హోటల్ పార్కింగ్‌ల కార్ల కూసోని హోంవర్క్ చేస్తున్న ఫొటోలు మీరు గూడ చూసి ఉంటరు. నేను గప్పుడు ఒక బళ్లె పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. అద్దె కట్టనీకి తిప్పలు పడే ఇండ్ల పిల్లలు గూడ క్లాసుకు టైంకు వచ్చేటోళ్లు. గా ఊరిని నేనెందుకు పొగడొద్దు చెప్పండ్రి?

కడపకారం
ఈ ఒక్కటి ఒప్పుకుంటాండా తల్లీ. కరెంటు బోర్డు ఊరి సొంతం కావడం మామూలు విషయం కాదు.

గుంటూరు_గోంగూర
ఇంటర్నెట్ మాకు ముఖ్యం, మా ఆవిడది ఇంటినుంచే పని. ఊరి బయట ఇల్లు తీసుకున్నా అదే లైను వస్తుందా?

పాలమూరు_పిల్ల
చూసుకోవాలె అన్నా. ఈపీబీ కరెంటు ఇచ్చే హద్దు దాటితే ఇంటర్నెట్ ఇయ్యొద్దని రాష్ట్ర చట్టం ఉన్నది. 2015ల ఎఫ్‌సీసీ, అంటే ఫోన్లు, ఇంటర్నెట్ సంగతులు చూసే కేంద్ర సంస్థ, ఆ చట్టాన్ని పక్కకు పెట్టింది గానీ 2016ల అప్పీల్ కోర్టు మళ్ల చట్టం దిక్కే తీర్పు ఇచ్చింది. నా రూమ్మేట్ పెండ్లైనంక హద్దుకు అవతల ఇల్లు కొన్నది. రోడ్డుకు ఇటు పక్క ఇంటికి గిగాబిట్, దానింట్ల వీడియో కాల్ ఆగి ఆగి వస్తది. అడ్వాన్స్ ఇచ్చే ముందు అడ్రస్ పెట్టి చూసుకోండ్రి.

టైరు_కింద_నిమ్మకాయ
నేను ఫోక్స్‌వాగన్ ప్లాంటుకి పార్టులు సప్లై చేసేచోట క్వాలిటీలో పనిచేస్తాను. పైన ఎవరో టీఎన్‌టీ కర్మాగారం అన్నారే, ఆ స్థలంలోనే ఇప్పుడు కార్ల ప్లాంటు ఉంది. 2008లో ప్రకటించారు, 2011లో కార్లు బయటికొచ్చాయి. దాన్ని రప్పించడానికి రాష్ట్రం, కౌంటీ, ఊరు కలిసి ఇచ్చిన రాయితీలు 577 మిలియన్ డాలర్లు. పొగిడే వ్యాసాల్లో ఈ అంకె ఓ మూల ఒక్క వాక్యంలో ఉంటుంది.

నాకు నచ్చింది వేరే. ప్లాంటులో కార్మికులు యూనియన్ కోసం 2014లో ఓటేశారు, 712 మంది కావాలన్నారు, 626 మంది... కాదు, తిరగేశాను, సారీ. 712 మంది వద్దన్నారు, 626 మంది కావాలన్నారు. 2019లో మళ్లీ ఓటు, 833కి 776, మళ్లీ ఓటమి. 2024 ఏప్రిల్‌లో మూడోసారి. 2,628 మంది కావాలి, 985 మంది వద్దు. అమెరికా దక్షిణాదిలో బయటి దేశపు కార్ల కంపెనీ ఫ్యాక్టరీలో అలా ఓటుతో యూనియన్ గెలవడం అదే మొదలు. అంతకుముందు గవర్నర్లు వద్దు వద్దంటూ ప్రకటనలిచ్చారు. ఆ రాత్రి లెక్కింపు అయ్యాక మా షిఫ్టులో ఒక పెద్దావిడ కూర్చుని ఏడ్చేసింది. మూడుసార్లూ కావాలనే ఓటేసిందట. నదీ, కొండలూ అందరూ చూస్తారు. ఈ ఊళ్లో నాకు ఎక్కువ గుర్తుండేది ఆవిడే.

సూటిగా_చెప్తా
యూనియన్లొస్తే ప్లాంటు మెక్సికో పోతుంది. అప్పుడు చూద్దాం.

టైరు_కింద_నిమ్మకాయ
ఆ మాట 2014 నుంచీ వింటున్నాను సార్. ప్లాంటు ఇక్కడే ఉంది. ఆర్డర్లు తగ్గితే మొదట దెబ్బ తగిలేది మాకే, నాకూ భయం లేకపోలేదు. కానీ ఓటేసుకోవడం వాళ్ల హక్కు.

బడి_బ్యాగు
ఒరిజినల్ ప్రశ్నకి వస్తే. ఊల్టెవాలో ఐదేళ్లుగా ఉంటున్నాం, ఇద్దరు పిల్లలు. తెలుగువాళ్లు ఎక్కువగా ఊల్టెవా, ఈస్ట్ బ్రెయినర్డ్ వైపే ఉంటాం. బళ్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, అడ్రస్ చూసి ఇల్లు తీసుకోండి. మ్యాగ్నెట్ బళ్లకి (ఏదో ఒక ప్రత్యేక విషయం మీద నడిచే గవర్నమెంటు బళ్లు) లాటరీ ఉంటుంది, తేదీ దాటిపోకుండా చూసుకోండి. డబ్బున్నవాళ్లు మెకాలీ, బేలర్ లాంటి పాత ప్రైవేటు బళ్లలో వేస్తారు. ఊళ్లో పేరున్నవాళ్ల పిల్లల్లో ఎక్కువమంది అటే పోవడం నాకు నచ్చని విషయం. వాళ్ల పిల్లలూ ఇక్కడే చదివితే గవర్నమెంటు బళ్లు ఇంకా బాగుండేవి.

పన్నులు. టెక్సాస్‌లాగే ఇక్కడా జీతం మీద రాష్ట్రానికి ఏమీ కట్టక్కర్లేదు. కానీ సేల్స్ టాక్స్ 9.25 శాతం, బియ్యం పప్పుల మీద కూడా పన్ను ఉంది. ప్లేనోలో కిరాణా మీద పన్ను లేదు కదా, మొదటి నెల బిల్లు చూసి ఉలిక్కిపడతారు. ఇంటి పన్ను మాత్రం టెక్సాస్ కంటే చాలా నయం.

ఇంకోటి, ఎవరికైనా ఎలర్జీ ఉంటే ముందే డాక్టరుకి చెప్పుకోండి. మార్చి, ఏప్రిల్‌లో కార్ల మీద పుప్పొడి పసుపు కొట్టినట్టు ఉంటుంది. పొగ పట్టుకున్న గిన్నె పుప్పొడినీ పట్టుకుంటుంది మరి.

కరివేపాకు_కోటేష్
టైం జోన్ సంగతి చెప్పలేదేం! చట్టనూగా ఈస్టర్న్, నాష్‌విల్ సెంట్రల్. పడమటికి అరగంట వెళ్తే పక్క కౌంటీలో గంట వెనక్కి. మా తోడల్లుడి పుట్టినరోజుకి గంట ఆలస్యమై, కొండ దిగి నికజాక్ చెరువు దగ్గర కేక్ కోయించి టైంకే వచ్చాం అన్నాను.

బడి_బ్యాగు
😂 మా పిల్లలు నాష్‌విల్ వెళ్లినప్పుడల్లా ఆ గంట ఎక్కడికి పోయిందని అడుగుతారు.

మనవరాలి_అమ్మమ్మ
మా అమ్మాయి పక్కన కూర్చుని టైపు చేసి పెడుతోంది, తప్పులుంటే మన్నించండి బాబూ. మాది తెనాలి. పోయినసారి ఆర్నెల్లు చట్టనూగాలో మా అమ్మాయి దగ్గరే ఉన్నాను. రోజూ సాయంత్రం ఆ నీలం వంతెన మీద నడిచేదాన్ని. గాలి బాగుంటుంది, కింద నది, దూరంగా కొండ. చిన్నపిల్లలు, కుక్కలు, చక్రాల కుర్చీలో పెద్దవాళ్లు. మా మోకాళ్ల నొప్పులవాళ్లకి అంత చదునైన దారి దొరకడం అదృష్టం.

వంతెన మొదట్లో, అక్వేరియం వైపు, మూడు కంచు విగ్రహాలున్నాయి. రోజూ పక్కనుంచే పోయేదాన్ని. ఒకరోజు మా మనవరాలు చదివి చెప్పింది. ఎడ్ జాన్సన్ అనే నల్ల కుర్రవాడట. చెయ్యని నేరానికి ఉరిశిక్ష వేశారట. నోవా పార్డెన్, స్టైల్స్ హచిన్స్ అని ఇద్దరు నల్ల లాయర్లు ఢిల్లీలో మన సుప్రీంకోర్టులాంటి చోటికి, వాషింగ్టన్‌కి కేసు తీసుకెళ్లి శిక్ష ఆపించారట. అది తెలిసిన రాత్రే, 1906 మార్చి 19న, జనం జైల్లోంచి లాక్కొచ్చి ఈ వంతెనకే ఉరేశారు. "మిమ్మల్నందర్నీ దేవుడు చల్లగా చూడాలి, నేను నిర్దోషిని" అన్నాడట చివరగా. కాపాడాల్సిన షెరిఫ్ జైలుకి కాపలా లేకుండా చేశాడని సుప్రీంకోర్టే అతన్ని విచారించి జైలుకి పంపింది. ఆ కోర్టు చరిత్రలో అలాంటి విచారణ అదొక్కటేనట. ఆ ఇద్దరు లాయర్లూ మళ్లీ ఊళ్లో ఉండలేక వెళ్లిపోయారు. నిర్దోషి అని కాగితం మీద రాయడానికి 2000 దాకా పట్టింది. విగ్రహాలు పెట్టింది 2021లో.

ఆ రోజు వంతెన ఎక్కలేకపోయాను బాబూ. నేను సాయంత్రాలు గాలి పీల్చుకున్న చోటు అది. తర్వాత మళ్లీ వెళ్లాను, రోజూ వెళ్లాను. వెళ్లేటప్పుడు విగ్రహాల దగ్గర ఒక్క నిమిషం ఆగేదాన్ని.

సూటిగా_చెప్తా
అమ్మా, మీమీద గౌరవంతోనే అంటున్నాను. ఒకాయన ఉద్యోగం, ఇల్లు, బడి గురించి అడిగాడు. వంద సంవత్సరాల కిందటి గొడవ ఇక్కడెందుకు? ప్రతి ఊళ్లో ఏదో ఒకటి జరిగే ఉంటుంది.

పాలమూరు_పిల్ల
ఆయన అడిగిందే గది. పొగడ్త నిజమా కాదా అని. వంతెనను పొగిడి, వంతెన మీద ఏం జరిగిందో దాస్తే అది అబద్ధం పొగడ్త. ఆ ఊరు అది దాయకుండ, అందరు ఫొటోలు దిగే చోటనే విగ్రహాలు పెట్టింది. నది ఒడ్డున మెట్లమీదికెల్లి నీళ్లు పారుతుంటయ్ చూసిన్రా, పిల్లలు ఆడతరు? 1838ల అమెరికా మూలవాసులైన చెరోకీ ప్రజలను వాళ్ల భూముల నుంచి ఎల్లగొట్టి పడవలెక్కించిన రాస్ ల్యాండింగ్ అదే. ఆ మెట్లు ఆ గుర్తుకు కట్టినవే. పక్కన గోడల మీద చెరోకీ బొమ్మలు చెక్కి ఉంటయ్.

కడపకారం
విగ్రహాలు పెట్టడం మంచిదే. కానీ ఆ నల్లోళ్ల మనవళ్లు, మనవరాండ్లు ఇప్పుడు ఎక్కడ ఉండారో గూడా చూడాల. ఎం.ఎల్. కింగ్ బులవార్డ్ ఒకప్పుడు నైన్త్ స్ట్రీట్. పాటగత్తె బెస్సీ స్మిత్ పుట్టి పెరిగింది ఈ ఊర్లోనే, ఆ వీధిలో చిన్నపిల్లగా పాడి డబ్బులు అడుక్కునేదంట. నల్లోళ్ల అంగళ్లు, హోటళ్లతో కళకళలాడిన వీధి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కొత్త అపార్ట్‌మెంట్లు లేచినాయి. నాకు తెలిసిన ఒక నల్ల ఆయన, బస్సు డ్రైవరు, ముప్పై ఏండ్లున్న అద్దె ఇల్లు ఖాళీ చేసి జార్జియాలోకి పోయినాడు. ఇంటి ఓనరు అద్దె ఒక్కసారిగా పెంచినాడు. ఊరు బాగుపడితే బాగుచేసినోళ్లకే చోటు లేకుండా పోతాంది. గోదారిగట్టు గారు దీనికేమంటారు?

గోదారిగట్టు
దీనికి నా దగ్గర జవాబు లేదండి. మీరన్నది నిజం. నేను 2013లో కొన్న ఇల్లు ఇప్పుడు నాలాంటి జీతగాడు కొనలేడు. 1990లో 1,52,000 మంది ఉన్న ఊరు, 2020కి 1,81,000 అయింది. వచ్చినవాళ్లలో మేమూ ఉన్నాం. మా రాకవల్ల ఎవరి అద్దె పెరిగిందో నేను ఏనాడూ ఆలోచించలేదు, ఇప్పుడు మీ బస్సు డ్రైవరు సంగతి విన్నాక ఆలోచిస్తున్నాను. విజన్ 2000లో ఇళ్ల లక్ష్యం కూడా ఉంది. తక్కువ ధరకి ఇళ్లు కట్టే సంస్థని 1986లోనే పెట్టారు. వేలకొద్దీ ఇళ్లు బాగుచేశారు. అయినా చాలలేదు.

మనవరాలి_అమ్మమ్మ
పైన బాబు ఎందుకీ పాత గొడవ అన్నాడు. కోపం లేదు నాయనా. మా తెనాలి దగ్గరే చుండూరు. 1991లో అక్కడ దళితుల్ని నరికి చంపారు. వాళ్ల సమాధులున్న చోటుని రక్తక్షేత్రం అంటారు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. బస్సు ఆ ఊరి మీదుగానే పోయేది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా దిగి చూడలేదు. పరాయి దేశం వచ్చి, పరాయి కుర్రాడి విగ్రహం ముందు నిలబడ్డాకే అది గుర్తొచ్చింది. ఇండియా వెళ్లాక మావారిని తీసుకుని వెళ్లాను. అంతే బాబూ చెప్పాలనుకున్నది.

టైరు_కింద_నిమ్మకాయ
🙏

పాలమూరు_పిల్ల
అమ్మమ్మా, మీరు మళ్ల వచ్చినప్పుడు చెప్పుండ్రి, అట్లాంటా నుంచి వస్త మిమ్మల్ని చూడనీకి.

సూటిగా_చెప్తా
సరేనమ్మా. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది.

డల్లాస్_దోశ
నేను పెసరట్టుతో మొదలుపెడితే చర్చ ఎక్కడికో వెళ్లింది. మొత్తం చదివాను. వచ్చే లాంగ్ వీకెండ్‌కి పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లొస్తా.

గుంటూరు_గోంగూర
అన్నీ ఇద్దరం కూర్చుని చదివాం, కొన్ని పాపకీ చదివి వినిపించాం. చినుకు దారి సంగతి దానికి తెలుసట, "నేను అప్పుడే చెప్పాను, మీరే వినలేదు" అంది. నిన్న ఆఫర్‌కి ఓకే చెప్పాను. జూన్‌లో వస్తున్నాం. మా ఆవిడ అడుగుతోంది, ఈస్ట్ బ్రెయినర్డ్‌లో అద్దెకి చూస్తే ఈపీబీ లైను వస్తుందా, కరివేపాకు ఎక్కడ దొరుకుతుంది అని.

@కడపకారం మీ అలబామా ఊరి పేరేంటండీ? చట్టనూగా నుంచి దగ్గరైతే వచ్చి చూడాలనుంది.

బడి_బ్యాగు
ఈస్ట్ బ్రెయినర్డ్ అంటే ఊరి కరెంటే, అయినా అడ్రస్ పెట్టి చూసుకోండి. కరివేపాకు కొనకండి. నా దగ్గర కుండీలో చెట్టుంది, నడుమెత్తు. చలికాలం ఇంట్లో పెడతాను. జూన్‌కి పిలకలు తీసిపెడతా.

కడపకారం
గాడ్స్‌డెన్. గంటన్నర దారి. రండి, నేనే చూపిస్తా. అక్కడా ఒక జలపాతం ఉంది, ఊర్లోనే, తొంభై అడుగులు. దాని గురించి ఏ పత్రికా రాయదు.